తెలియని గాఢతను లెక్కగట్టడం ఎలా?



మేము హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు విద్యుత్ రసాయన శాస్త్రంలో లెక్క వస్తే వదిలేసేవాళ్ళం. లాగ్ అంటే భయం. ఇంట్లో అడుగుదామంటే అమ్మానాన్నలు బడి ముఖం చూసినవాళ్ళు కారు. తీరా నేర్చుకున్నాక అది ఇంతేనా అనిపించింది. మీరు వదిలేయకూడదనే ఈ పాఠం రాస్తున్నాం.

గాఢతా ఘటం అంటే?

రెండు బీకర్లలో కాపర్ సల్ఫేట్ ద్రావణాలు పోసి, రెండింటిలోనూ రాగి కడ్డీలు ఉంచి, లవణ సేతువుతో కలుపుతాం. లోహం ఒకటే, అయాన్ ఒకటే. తేడా గాఢతలోనే. గాఢత తక్కువున్న వైపు రాగి కరిగి అయాన్లవుతుంది. అది ఆనోడ్. ఎక్కువున్న వైపు అయాన్లు రాగిగా మారి కడ్డీపై చేరతాయి. అది కాథోడ్. గాఢతలు సమానమైతే ఈ.ఎం.ఎఫ్. సున్నా.

సూత్రం

రెండు ఎలక్ట్రోడ్లూ ఒకటే కాబట్టి ప్రమాణ ఈ.ఎం.ఎఫ్. సున్నా. అందువల్ల నెర్నస్ట్ సమీకరణం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇలా మిగులుతుంది:

ఈ.ఎం.ఎఫ్. = (0.0591 ÷ ఎన్) × లాగ్ (కాథోడ్ గాఢత ÷ ఆనోడ్ గాఢత)

ఎన్ అంటే చర్యలో మారే ఎలక్ట్రాన్ల సంఖ్య. రాగికి 2, వెండికి 1.

లెక్క

కాథోడ్ వైపు గాఢత 0.1 మోలార్. ఈ.ఎం.ఎఫ్. 0.0591 వోల్టులు. ఆనోడ్ వైపు గాఢత ఎంత?

0.0591 = (0.0591 ÷ 2) × లాగ్ (0.1 ÷ ఎక్స్)
లాగ్ (0.1 ÷ ఎక్స్) = 2
0.1 ÷ ఎక్స్ = 100
ఎక్స్ = 0.001 మోలార్

మేము చేసిన తప్పులు

ఒకటి, ఎన్ విలువ 2 వేయడం మరచిపోయాం. అప్పుడు జవాబు 0.01 వస్తుంది. అంటే పదిరెట్ల తేడా!

రెండు, భిన్నాన్ని తలకిందులుగా రాశాం. జవాబు 10 మోలార్ వచ్చింది. అంటే లీటరు ద్రావణంలో దాదాపు రెండున్నర కిలోల మైలుతుత్తం. అంత కరగనే కరగదు. ఆనోడ్ గాఢత కాథోడ్ గాఢత కన్నా తక్కువ ఉండాలని గుర్తుంచుకుంటే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది.

ఎందుకు నేర్చుకోవాలి?

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు ఎందరి ఎముకలు వంచాయో మనకు తెలుసు. నీటిలో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌లో లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. దానికి లోపలి వైపు తెలిసిన గాఢత, బయటి వైపు మనం పరీక్షించే నీరు. గాఢత పదిరెట్లు మారితే సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. సూత్రం మనం నేర్చుకున్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. 3 ఉన్న నీటిని 0.3 అని రాస్తే ఊరంతా ఆ నీళ్ళే తాగుతుంది. పరీక్షలో పదిరెట్ల తప్పుకు మార్కులే పోతాయి, అక్కడ పిల్లల పళ్ళు, ఎముకలు పోతాయి.

మీకోసం ఒక లెక్క: వెండి గాఢతా ఘటంలో కాథోడ్ గాఢత 0.1 మోలార్, ఈ.ఎం.ఎఫ్. 0.1182 వోల్టులు. ఆనోడ్ గాఢత ఎంత? జవాబు 0.001 మోలార్ వస్తే మీకు పాఠం వచ్చినట్టే. రాకపోతే ఎన్ విలువ మళ్ళీ చూసుకోండి.