తేలినీలాపురం చెట్లమీద గూడబాతులు

బాతులా ఈదే పెద్ద పక్షి చింతచెట్టు కొమ్మమీద కాపురం పెడుతుందంటే నమ్ముతారా? శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊరుంది. శీతాకాలంలో అక్కడికి వెళ్ళి తలెత్తి చూడండి. (జాగ్రత్త, నెత్తిన రెట్ట పడుతుంది!) చెట్లనిండా పుల్లల గూళ్ళు, వాటిలో పెలికాన్‌లు అనే గూడబాతులు, వాటి పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా ఊరివారు వీటిని చూసుకుంటారు.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు. అది పొరపాటు. ఈ రెండు జాతులూ మన ప్రాంతాల పక్షులే. నీరు, చేపలు ఉన్నచోటు వెతుక్కుంటూ తిరుగుతుంటాయి.

గూడబాతు ముక్కు కింద వేలాడే తిత్తిని చూసి, చేపలు దాచుకునే సంచి అనుకుంటాం. నిజానికి అది వల. పక్షి ఈదుతూ నీటితో సహా చేపలను తోడుతుంది. ముక్కు కిందికి వంచి నీరు వదిలేసి, చేపను మింగుతుంది. గూటికి చేరాక పిల్లలు దాని గొంతులో తల దూర్చి తింటాయి.

ఎర్రకాళ్ళ కొంగ పద్ధతి వేరు. అది లోతులేని నీటిలో నడుస్తూ, ముక్కు కొంచెం తెరిచి నీళ్ళలో ముంచి, అటూ ఇటూ ఊపుతుంది. చేప తగిలిందా, టక్కున మూసేస్తుంది! కంటితో చూడనక్కరలేదు కనుక బురదనీరైనా ఫరవాలేదు.

మరి ఈ చేపలన్నీ ఎక్కడివి? చింతచెట్టుకు కాయవు కదా! నౌపడ ఉప్పుమళ్ళ చుట్టూ ఉన్న చిత్తడి నేలలు, ఆ చుట్టుపక్కల చెరువులు వీటి వంటిళ్ళు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి చెట్లు దెబ్బతిన్నాయి. చెట్లనైతే మళ్ళీ నాటవచ్చు. కాని 2021 డిసెంబరు చివర, 2022 జనవరిలో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. తుపాను లేదు, వేటగాడూ లేడు. చచ్చిన పక్షులను కోసి చూస్తే లోపల నెమటోడులనే నులిపురుగులు కనిపించాయి. తిన్న చేపల ద్వారా సోకి ఉంటాయని అధికారులు భావించారు. చెట్టుకు ఎంతమంది కాపలా కాసినా ఆ పురుగును ఆపలేరు, చెరువును చూడాలి.

2023 ఏప్రిల్ 19న మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. జిల్లా పటంలో టెక్కలి, నౌపడ, మూలపేటలను గుర్తించండి. గూడబాతుల ఊరికి ఎల్లలు మీరైతే ఎక్కడ గీస్తారు?

మీ ఊళ్ళోనూ ఏదో ఒక చెట్టుమీద కొంగలు గూళ్ళు కట్టే ఉంటాయి. తెల్లవారుజామున లేచి, అవి ఏ చెరువు వైపు ఎగురుతున్నాయో వారంరోజులు రాసి ఉంచండి.