ఆసుపత్రిలో తోడుండేవాళ్లకు చేతుల చిట్కాలు

మన ఆసుపత్రుల్లో పేషెంటుకు అన్నం తినిపించేదీ, ఒళ్లు తుడిచేదీ, బెడ్‌పాన్ అందించేదీ చాలావరకు ఇంటివాళ్లే. అందుకే ఈ జాగ్రత్తలు ముందు వాళ్లకే.

1. పేషెంటును ముట్టుకునే ముందు, తినిపించే ముందు, రక్తమో చీమో మలమూత్రాలో తగిలాక, మంచం దగ్గర్నుంచి వెళ్లేటప్పుడు చేతులు శుభ్రం చేసుకోండి. చాలామంది ఆఖరిది మాత్రం మరిచిపోరు. దానివల్ల మనకు రక్ష. పేషెంటుకు రక్ష మొదటిది.

2. శానిటైజర్ అరచేతి గుంట నిండా తీసుకుని, ఆరిపోయేదాకా 20–30 సెకన్లు రుద్దండి. తడిగా ఉండగానే కొంగుకు తుడుచుకుంటే పని సగమే అయినట్టు.

3. చేతులకు మురికి కనిపిస్తున్నా, పేషెంటుకు విరేచనాలవుతున్నా సబ్బూ నీళ్లే వాడాలి. విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా స్పోర్లు శానిటైజర్‌లోని ఆల్కహాల్‌కు చావవు. కడగడం మొదలుపెట్టి తుడుచుకునేదాకా 40–60 సెకన్లు పట్టాలి. బొటనవేళ్లు, వేళ్ల కొసలు తరచూ తప్పించుకుంటాయి.

4. ఉంగరాలు తీసేయండి. గాజులు తీయడం ఇష్టం లేకపోతే పైకి తోసుకోండి.

5. గ్లోవ్స్ వేసుకున్నాం కదా అని ధీమా వద్దు. యూరిన్ బ్యాగు ఖాళీ చేసిన గ్లోవ్స్‌తోనే ఫోన్ ఎత్తేవాళ్లున్నారు! పని కాగానే తీసి పారేసి, చేతులు కడుక్కోండి.

6. యూరిన్ బ్యాగు నేలకు తగలకూడదు, పేషెంటు పొత్తికడుపు కంటే పైకి లేవకూడదు. లేస్తే మూత్రం వెనక్కి పోతుంది. సెలైన్ సూది చుట్టూ ఎర్రబడినా, వాచినా, ప్లాస్టర్ ఊడినా మీరు సర్దకుండా సిస్టర్‌ను పిలవండి.

7. “చేతులు శుభ్రం చేసుకున్నారా అండీ?” అని డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్షలు చేసి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చేవాళ్లను బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామందికి ఆ మాట రుచించలేదు. ఇప్పటి డాక్టర్లకు ఇది చదువులోనే నేర్పుతారు, అడిగితే తప్పు పట్టకూడదు.

8. జలుబో దగ్గో ఉన్న చుట్టాలను ఫోన్‌లోనే పలకరించమనండి. నొచ్చుకుంటారనిపిస్తే “డాక్టరుగారు ఎవర్నీ రానివ్వొద్దన్నారు” అనేయండి. ఈ అబద్ధానికి డాక్టరుగారు ఏమీ అనుకోరు.