ఇంటర్నెట్టున చరిత్ర, శిల్పకళ: తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

పిల్లల చేతికి సెల్‌ఫోను ఈయరాదని కొందరు తల్లిదండ్రులు, ఇచ్చితిమి గనుక దానిని చదువునకు వాడించుట యెట్లని మఱికొందరు మమ్ములను అడుగుచున్నారు. మొదటివారి భయము నిరాధారము కాదు. అయినను చరిత్ర, శిల్పకళల విషయమున మన పాఠశాలలో లేని పరికరములెన్నో ఆ తెరపై లభించుచున్నవి. వానిని మేము తరగతిలో వాడి చూచితిమి. అందు తేలిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట ఊరికి దగ్గరనున్న వస్తువుతో ఆరంభింపవలెను. తిరువళ్లూరునకు సమీపమున పూండి జలాశయము మనమందఱము ఎఱిగినదే. అచ్చట తమిళనాడు పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల యొకటి కలదని ఎఱిగినవారు తక్కువ. కొసస్తలై నదీలోయలో దొరకిన రాతి పనిముట్లు అందున్నవి. ఆ లోయలోనిదే అత్తిరంపాక్కము. 1863లో రాబర్టు బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు అచ్చట రాతిగొడ్డళ్లను కనుగొనెను. ఇటీవల శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ గార్లు అచ్చట త్రవ్వకములు జరిపిరి. 2011లో ప్రకటింపబడిన ఫలితములను బట్టి అందలి మిక్కిలి ప్రాచీనములైన పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివి. అంతకంటె నేర్పుగల మఱొక పనితనము 3,85,000 సంవత్సరములకు పూర్వమే అచ్చట మొదలైనదని 2018లో ప్రకటించిరి. చెన్నైలోని శర్మా సెంటర్ ఫర్ హెరిటేజ్ ఎడ్యుకేషన్ వారి వెబ్‌సైటులో ఈ విషయమై బొమ్మలును, వివరణలును కలవు.

ఆ బొమ్మలను చూపినపుడు ఆరవ తరగతి బాలుడొకడు, "సార్, ఇది తమిళుల చరిత్రయా, మనదా?" అని అడిగెను. ఆ గొడ్డలి చెక్కినవాడు ఏ భాష మాటలాడియుండునో చెప్పుమని మేము తిరిగి అడిగితిమి. తరగతి నవ్వినది గాని, ఆ ప్రశ్న మమ్ములను చాలదినములు వదలలేదు. తాను పుట్టిన నేల పరులదనియు, తన చరిత్ర ఎల్లకు ఆవల ఎచ్చటనో ఉన్నదనియు ఆ పిల్లవాడు అనుకొనుచున్నాడు. ఈ తలంపు అతనికి ఎచ్చట నుండి వచ్చినదో మనము ఆలోచింపవలసియున్నది.

ఎల్లల సంగతి చెప్పుటకు తిరుత్తణి కంటె మంచి పాఠము లేదు. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జన్మించిననాడు అది ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందు చేరినది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు వచ్చి చెంగల్పట్టు జిల్లాలో కలిసినది. 1997 నుండి తిరువళ్లూరు జిల్లాలోనిది. డేవిడ్ రమ్సీ పటముల సంగ్రహమున పాత పటములను ఉచితముగా పెద్దవి చేసి చూడవచ్చును. పిల్లవానికి పటము చూపి, ఇంటిలో తాతగారో అమ్మమ్మగారో ఉన్నచో వారిచేత ఆ దినముల సంగతులు చెప్పింపుడు. ఇంతటి బోధన మేము బడిలో చేయజాలము.

ఇక శిల్పకళ. అమరావతి స్తూపపు శిల్పములలో కొన్ని చెన్నై ఎగ్మూరు ప్రదర్శనశాలలో ఉన్నవి. కొన్ని 1859లో ఓడనెక్కి లండను చేరి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియమున ఉన్నవి. ఎగ్మూరునకు రైలులో పోయి రావచ్చును. లండనులోని పలకలను ఆ మ్యూజియము వారి వెబ్‌సైటులో ఒక్కొక్కటిగా, సంఖ్యతో సహా చూడవచ్చును. ఏబది బొమ్మలను వ్రేలితో త్రోసివేయుట చూచుట కాదు. ఒక్క పలకను ఎన్నుకొని, అందలి ఏనుగునో, స్త్రీమూర్తి చేతి కడియములనో పెన్సిలుతో కాగితముపై గీయింపుడు. గీయుచున్నపుడే కన్ను పనిచేయును.

ఒక జాగ్రత్త. మా విద్యార్థి యొకడు పల్లవరాజు కొలువని ఒక బొమ్మను తెచ్చెను. ఫొటో వలెనే మెఱయుచున్నది, యంత్రము కల్పించినది. మేము కోపింపక, ఈ వస్తువు ఏ ఊర ఉన్నది, దాని సంఖ్య యేమి, ఫొటో తీసినది ఎవరు అని మూడు ప్రశ్నలు వేసితిమి. ఒకదానికిని జవాబు లేదు. తరువాత వానిని తిరుత్తణిలోని వీరట్టానేశ్వరాలయమునకు తీసికొనిపోయితిమి. అది తొమ్మిదవ శతాబ్దమున పల్లవ అపరాజితుని కాలమున కట్టిన గుడి. దాని వెనుకభాగము ఏనుగు వీపు వలె గుండ్రముగా నుండును. కొండకు వచ్చు భక్తులలో దానిని చూచి పోవువారు కొద్దిమంది. ఆ బాలుడు గోడను చేతితో తడవి, "బొమ్మలో రాయి ఇట్లు లేదు సార్" అనెను.

మేము చెప్పిన వెబ్‌సైటులలో వివరణ ఇంగ్లీషున ఉన్నది. పూండిని గూర్చి పిల్లలు చదువదగిన తెలుగు పుస్తకము మాకింతవరకు దొరకలేదు. కనుక వారమునకు ఒక అరగంట తల్లియో తండ్రియో ప్రక్కన కూర్చుండి, ఆ వివరణను తెలుగున చెప్పవలెనని మా కోరిక. మాట తోచనిచో ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటువులను చూడుడు. విన్నదానిని పిల్లవాడు అయిదు వాక్యములలో తెలుగున వ్రాయవలెను. ఆ నోటుపుస్తకములను సోమవారమున తరగతి ఉపాధ్యాయునికి పంపుడు. అక్షరదోషములకు మార్కులు తగ్గింపము.