తులసికోట దగ్గర మొదలుపెట్టండి

కొత్త ఫోనో, కెమెరానో చేతికొచ్చిన మొదటి నెలలో కంటికి కనిపించిందల్లా ఫొటో తీసేస్తాం. గుడి గోపురం, మబ్బులు, బిర్యానీ ప్లేటు, చంటిపాప నవ్వు... గ్యాలరీ వేలల్లో నిండిపోతుంది. తీరా ఎవరికైనా చూపిద్దామని వెతికితే పట్టుమని పది మంచి ఫొటోలు దొరకవు. వెంటనే అనుకునే మాట ఒకటే: "ఈ కెమెరా చాలదు, ఇంకా మంచిది కొనాలి!"

ఆగండి. ఆ డబ్బు దాచుకోండి. రోజుకు వంద ఫొటోలు తీసినంత మాత్రాన సాధన చేసినట్టు కాదు. ఇవాళ్టి ఫొటో ఎక్కడ చెడిందో కనిపెట్టి, రేపు దాన్నే మళ్లీ తీయాలి. అదీ సాధన.

గాజు పలకల నాటి పాఠం

లాలా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ముప్ఫై ఏళ్ల ప్రాయంలో, ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు, నిజాం చేతనే 'రాజా' అనిపించుకున్నారు.

ఆ రోజుల్లో ఒక్కో ఫొటోకు ఒక్కో గాజు పలక. బరువైన చెక్క కెమెరా, దానికో స్టాండు. పలక పాడైతే శ్రమంతా వృథా. అందుకే తీసే ముందే వెలుగు ఎటు పడుతోందో, ఫ్రేములో ఏముందో ఒకటికి రెండుసార్లు చూసుకోక తప్పేది కాదు. ఇప్పుడు మనకు ఆ బలవంతం లేదు. కనుక ఆ నియమాన్ని మనమే పెట్టుకోవాలి.

ఒకే వస్తువు, ముప్ఫై రోజులు

నేను నేర్చుకునే రోజుల్లో మా పెరట్లోని తులసికోటను నెల రోజుల పాటు తీశాను. మొదటిరోజు ఫొటోలో తులసి కంటే వెనకాల దండెం మీద ఆరేసిన తువ్వాళ్లే ముందు కనిపించాయి. తీస్తున్నప్పుడు అవి నా కంటబడనేలేదు! మన మనసు కావలసినదాన్నే చూస్తుంది. కెమెరా మాత్రం ఎదుట ఉన్నదంతా చూస్తుంది. నాలుగో రోజుకు ఉపాయం తట్టింది. రెండడుగులు ఎడమకు జరిగితే తువ్వాళ్లు పోయి, వెనక సున్నం వేసిన గోడ ఒక్కటే మిగిలింది.

మీరూ ఒకటి ఎంచుకోండి. తులసికోట, వీధి అరుగు, బాల్కనీలో మందారం కుండీ, ఏదైనా సరే, రోజూ అందుబాటులో ఉండాలి. నెలను నాలుగు వారాలుగా విడగొట్టుకోండి.

మొదటి వారం, వెలుగు: పొద్దున ఆరున్నరకు, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఐదుకు ఫొటోలు తీయండి. పక్కనుంచి ఏటవాలుగా పడే ఎండలో గోడ గరుకుదనం, పసుపు బొట్ల మందం కూడా తెలుస్తాయి. నడినెత్తిన ఎండ ఉంటే మనిషి కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. మధ్యాహ్నం ఎవరినైనా తీయాల్సి వస్తే వేపచెట్టు నీడలోకో, వసారాలోకో రమ్మనండి.

రెండో వారం, ఫ్రేము: నొక్కే ముందు తెర నాలుగు అంచులూ చూడండి. అక్కర్లేనిది ఉంటే పక్కకు జరగండి, వంగండి, దగ్గరకు వెళ్లండి. ఫోన్‌లో వేళ్లతో సాగదీసే డిజిటల్ జూమ్ చిత్రాన్ని కత్తిరించి పెద్దది చేస్తుంది, అంతే. స్పష్టత తగ్గిపోతుంది. అంతకంటే నాలుగడుగులు ముందుకు వేయడం మేలు.

మూడో వారం, వేగం: సాయంత్రం దీపం పెట్టాక తీయండి. ఫొటో అలుక్కుపోయిందా? వెలుతురు చాలక కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచింది, ఆలోపు మీ చేయి కదిలింది. మోచేతులు గోడకు ఆనించి మళ్లీ తీయండి. కెమెరా అయితే ఒక లెక్క గుర్తుంచుకోండి: 50 ఎంఎం లెన్స్‌ను చేత్తో పట్టుకుని తీస్తే షట్టర్ వేగం సెకనులో 50వ వంతుకు తగ్గకూడదు. పరిగెత్తే పిల్లలు స్పష్టంగా పడాలంటే 500వ వంతు కావాలి. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచితే చీకట్లోనూ ఫొటో పడుతుంది గానీ చిత్రంలో రవ్వరవ్వలుగా గరుకు కనిపిస్తుంది.

నాలుగో వారం, మనిషి: ఇప్పుడు ఆ కోట దగ్గర ఒకరిని నిలబెట్టండి. దీపం పెట్టే అమ్మ అయినా సరే, నీళ్లు పోసే తాతయ్య అయినా సరే. ముందు అడగండి. కాసేపు కబుర్లు చెప్పండి. కెమెరా ఉందన్న బిగుతు సడలాక ముఖంలో అసలు మనిషి కనిపిస్తాడు. సంతలో, జాతరలో కొత్తవారిని తీసినా ఇదే మర్యాద. వద్దంటే వద్దు. మంచి ఫొటో కంటే ఎదుటివారి గౌరవం పెద్దది.

రోజుకు పన్నెండే

పాత ఫిల్మ్ రీలులో 36 ఫొటోలు ఉండేవి. మీరు రోజుకు పన్నెండే అనుకోండి. మూడు రోజులకు ఒక రీలు! రాత్రి వాటిలోంచి ఒక్కటి ఎంచుకుని, దాని గురించి నోటుపుస్తకంలో రెండే వాక్యాలు రాయండి. ఏం కుదిరింది? ఏం చెడింది? మిగతా పదకొండు ఎందుకు వద్దనుకున్నారో మీకు తెలియాలి. ఏది వదిలేయాలో తెలిసిన రోజున ఏం తీయాలో తెలుస్తుంది.

ఫొటోను ఇతరులకు చూపించి "బాగుందా?" అని అడగకండి. మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. "చూడగానే మీ కన్ను దేనిమీద పడింది?" అని అడగండి. మీరు అనుకున్న చోటు చెప్పారా, గెలిచినట్టే. వెనకాల ఉన్న తువ్వాళ్ల పేరు చెప్పారా, రేపటి పాఠం దొరికినట్టే.

ఈ నెల మీకు ఫొటోలు మాత్రమే నేర్పదు. తొందరపడకుండా చూడటం, తప్పును దాచకుండా ఒప్పుకోవడం, చేసిన పనినే విసుగులేకుండా మళ్లీ చేయడం అలవాటవుతాయి. పాట నేర్చుకునేవాళ్లు సరళీ స్వరాలు పాడేది ఇందుకే.

ఒక్క మాట. మొదటిరోజు తీసిన ఫొటో ఎంత చెడ్డగా ఉన్నా చెరపకండి. ముప్ఫయ్యో రోజు తీసినదాన్ని దాని పక్కన పెట్టి చూడండి. అదే కోట, అదే గోడ, అదే కెమెరా. మారిందెవరో మీకే అర్థమవుతుంది. రేపు ఉదయం ఆరున్నరకు లేవండి. లెన్స్ మీది వేలిముద్రను మెత్తటి గుడ్డతో తుడిచి, పెరట్లోకి నడవండి.