టర్బో పైపు మళ్లీ మళ్లీ ఊడుతుంటే: ప్రొద్దుటూరు షెడ్డులో నేర్చిన పాఠాలు

ఎర్రగుంట్ల సిమెంటు, జమ్మలమడుగు నాపరాయి, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం బూడిద, పులివెందుల అరటికాయ, చీనీకాయ... మా సీమలో ఏది బయటికి పోవాలన్నా లారీ ఎక్కాల్సిందే. ఆ లోడు బండ్లన్నీ ఇప్పుడు టర్బో ఇంజిన్లే. ఎక్కుడులో ఠప్‌మని శబ్దం వచ్చి, లాగుడు పడిపోయి, వెనక నల్లపొగ కమ్మిందంటే ఇంటర్‌కూలర్ పైపు ఊడిందని డ్రైవర్లకు తెలుసు. దగ్గర్లో ఉన్న షెడ్డుకు తెస్తారు, అక్కడ క్లిప్పు బిగించి పంపుతారు. నాలుగు ట్రిప్పులకు అదే పైపు మళ్లీ ఊడుతుంది. నా వయసంతా ఈ పనిలోనే గడిచింది. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. గాలి దారి ముందు తెలుసుకోండి.
సైలెన్సర్‌కు పోయే పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలున్న చక్రం గాలిని ఒత్తి ఇంజిన్‌కు పంపుతుంది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. ఫుల్ లోడులో ఆ వేడి 150 డిగ్రీలు కూడా దాటుతుంది. రేడియేటర్ ముందుండే ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చి, చిక్కబరిచి లోపలికి పంపుతుంది. పెద్ద లారీల్లో ఈ ఒత్తిడి ఒకటిన్నర నుంచి రెండు బార్ల దాకా ఉంటుంది. మూడంగుళాల పైపు అతుకు దగ్గర అది దాదాపు 80 కిలోల తోపు. ఒక మనిషి బరువంత బలం ఆ హోసును బయటికి నెడుతూనే ఉంటుందన్న మాట. ఈ లెక్క తెలిసినవాడు అతుకును అశ్రద్ధ చేయడు.

2. ఊడిందా, చిరిగిందా అన్నది వేరు చేసి చూడండి.
హోసు చెక్కుచెదరకుండా జారిపోయి ఉంటే నూనె, క్లిప్పు, పైపుల వరుస ఈ మూడింటినీ అనుమానించాలి. హోసు చిరిగి ఉంటే రబ్బరు ముదిరిందా, పక్కనున్న ఇనుముకు రాసుకుందా, క్లిప్పు అంచు కోసిందా అని చూడాలి. మా ఎండలకు, ఇంజిన్ వేడికి రబ్బరు తొందరగా పెళుసెక్కుతుంది. వేలితో గట్టిగా నొక్కినప్పుడు బీటలు కనిపించినా, రబ్బరు ఉబ్బి మెత్తబడినా ఆ హోసు పని అయిపోయినట్టే.

3. నూనె తడి మీద హోసు తొడగొద్దు.
బ్రీదర్ నుంచి వచ్చే నూనె ఆవిరి వల్ల పైపు లోపల పలచటి తడి ఉండటం మామూలే. ఆ జిడ్డు మీదే హోసు ఎక్కిస్తే ఎంత బిగించినా జారుతుంది. ఇంజిన్ చల్లారాక పైపు మూతినీ, హోసు లోపలి భాగాన్నీ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ఆరనిచ్చి తొడగండి. సులువుగా ఎక్కుతుందని గ్రీజు పూయడం మహా తప్పు. పైపులో నూనె నిలిచి ఉంటే మాత్రం అది హోసు జబ్బు కాదు. టర్బో ఇరుసు ఆడుతోందేమో, రింగులు అరిగి బ్రీదర్ ఎక్కువగా ఊదుతోందేమో చూడాలి. సిలికాన్ హోసు కొనేటప్పుడు నూనెకు తట్టుకునే లోపలి పొర ఉన్నదే అడిగి తీసుకోండి. మామూలు సిలికాన్ నూనె తాగి మెత్తబడుతుంది.

4. క్లిప్పు గట్టు దాటి లోపలికి కూర్చోవాలి.
పైపు మూతి చుట్టూ చిన్న గట్టు ఉంటుంది. హోసును పట్టి నిలిపేది అదే. క్లిప్పు సరిగ్గా గట్టు మీద పడినా, గట్టుకూ పైపు మూతికీ మధ్య పడినా పట్టు ఉండదు. హోసును గట్టు దాటించి, అడుగు దాకా నెట్టి, హోసు అంచుకు కాస్త ఇవతల క్లిప్పు వేయండి. గట్టు నొక్కుకుపోయిన పైపును మార్చాల్సిందే.

5. క్లిప్పు రకం చూసి వేయండి.
సన్నటి స్క్రూ క్లిప్పులు నీళ్ల హోసులకు సరిపోతాయి. టర్బో గాలికి వెడల్పు పట్టీ ఉన్న టీ-బోల్టు క్లిప్పు కావాలి. కొన్ని బండ్లకు కంపెనీయే స్ప్రింగు ఉన్న క్లిప్పులు ఇస్తుంది. వేడికి రబ్బరు ఉబ్బినా, చల్లారి ముడుచుకున్నా ఆ స్ప్రింగు పట్టు వదలదు. దాన్ని తీసి చవక క్లిప్పు వేయకండి. అతిగా బిగించినా రబ్బరు తెగుతుంది. కొత్త హోసు వేశాక మొదటి లోడు దించి వచ్చిన తర్వాత, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి బిగింపు చూడండి.

6. ఇంజిన్ మౌంటింగులు చూడకుండా బండిని పంపొద్దు.
ముద్దనూరు, జమ్మలమడుగుల మధ్య ఘాటులో లోడు బండి కింది గేర్లో ఎక్కుతుంటే ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతుంది. మౌంటింగు రబ్బరు పోయి ఉంటే ఆ ఊపు మరీ ఎక్కువ. ఇంటర్‌కూలర్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, టర్బో ఇంజిన్‌తో పాటు కదులుతుంది. మధ్యలో లాగులాట పడేది హోసే. పైపు బ్రాకెట్టు బోల్టులు కూడా చూడండి. హోసు వేయకముందే రెండు పైపుల మూతులు ఎదురెదురుగా రావాలి. వంకరను క్లిప్పుతో లాగి సరిచేయాలని చూడకండి.

7. లాగుడు కోసం ఒత్తిడి పెంచొద్దు.
పంపులో డీజిల్ పెంచమని, వేస్ట్‌గేట్ బిగించమని అడిగే ఓనర్లు ఉన్నారు. ఒత్తిడి హద్దు దాటితే ముందు హోసు పోతుంది, తర్వాత టర్బో, ఆపైన పిస్టన్లు. ఎవరూ ముట్టుకోకున్నా వేస్ట్‌గేట్ తుప్పుపట్టి మూసినట్టే ఇరుక్కుంటే జరిగేదీ ఇదే. అడిగింది ఎవరైనా సరే, ఈ పని చేయనని చెప్పండి.

8. సబ్బు నీళ్లతో పరీక్షించి పంపండి.
టర్బో మూతి మూసి, రెగ్యులేటర్‌తో ఒక బారు గాలి పెట్టి, ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు చల్లండి. బుడగ వచ్చిన చోట లీకు ఉంది. ఇంటర్‌కూలర్ పక్క ట్యాంకుల అంచులు కూడా వదలొద్దు. టైర్ల కంప్రెసర్ గాలిని నేరుగా పెడితే మూత ఎగిరి మనిషికి తగులుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

9. రోడ్డు మీద ఊడితే బండి ఆపేయండి.
డ్రైవర్ తమ్ముళ్లూ, ఊడిన పైపుతో ఊరు చేరదామనుకోకండి. తెరిచిన మూతి నుంచి ఇంజిన్ వడపోత లేని గాలి పీలుస్తుంది. క్వారీ దుమ్ము, సిమెంటు దుమ్ము లైనర్లనూ రింగులనూ అరగదీస్తాయి. ఎదురు ఒత్తిడి లేక టర్బో కూడా హద్దు మీరి తిరుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో మసి వెళ్లి పొగ దారిలో ఉండే ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది. చక్రాలకు రాళ్లు పెట్టి, చల్లారనిచ్చి, తుడిచి తొడగండి. ఒక హోసు, రెండు క్లిప్పులు, స్పానరు, పొడిగుడ్డ క్యాబిన్‌లో ఎప్పుడూ ఉండాలి.

10. టర్బో మారిస్తే ఇంటర్‌కూలర్ కడగాల్సిందే.
పాత టర్బో వదిలిన నూనె ఇంటర్‌కూలర్ అడుగున నిలిచి ఉంటుంది. కొత్త టర్బో దాన్ని ఊది ఇంజిన్లోకి పంపితే ఇంజిన్ ఆ నూనెనే మండించుకుంటూ అదుపు తప్పి రేసవుతుంది. అప్పుడు తాళం తీసినా ఆగదు. ఇంటర్‌కూలర్ విప్పి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే బిగించండి.

ఓనర్లకు ఒక మాట. హోసు, క్లిప్పుల ఖర్చుకూ ఇంజిన్ బోరు ఖర్చుకూ పోలికే లేదు. పైపు ఊడినప్పుడు ఎంత సేపట్లో బిగిస్తావని మేస్త్రీని తొందరపెట్టకండి. ఎందుకు ఊడిందో చూపించమని అడగండి. రెండోసారి ఊడిందంటే కారణం ఇంకా బండిలోనే ఉన్నట్టు. అది దొరికేదాకా లోడు ఎక్కించకండి.