పడమటి మెట్టసీమ చలి – హేమంత శిశిర ఋతుచర్య

పూర్వపు చిత్తూరు జిల్లా వాసులు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములను పడమటి తాలూకాలని పిలుచుట వాడుక. చిత్తూరు నుండి మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు చేరిన వానికి, సీమ మారినదని ముందుగా చెప్పునది చర్మమే. ఇది మైసూరు పీఠభూమి తూర్పు అంచు. మూడు ఊళ్లును సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నవి. మదనపల్లె ఎత్తు సుమారు 700 మీటర్లు. దాని దాపుననే ఉన్న హార్సిలీ కొండ, పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ, సుమారు 1,265 మీటర్లు. ప్రతి 100 మీటర్ల ఎత్తునకు ఉష్ణము ఇంచుమించు 0.6 డిగ్రీ తగ్గునని భౌతికశాస్త్రము చెప్పును. కనుక కోస్తా పల్లపు ఊరికిని మదనపల్లెకును ఎత్తు వలననే నాలుగు డిగ్రీల భేదము కలుగును. మేఘము లేని రాత్రి నేల తన వేడిమిని త్వరగా ఆకాశమునకు వదలును. అప్పుడు బరువైన చల్లగాలి కొండవాలుల నుండి దిగి లోయలలో నిలుచును. అందుచేత తెల్లవారుజామున కొండచరియ మీది ఇంటికంటె దిగువ చెరువుకట్ట ప్రక్కనున్న ఇల్లే ఎక్కువ చల్లగా ఉండుట కలదు. నివాసమునకు స్థలము చూచుకొనువారు ఇది గుర్తించుట మంచిది.

ఇక ఋతుచర్య. మార్గశిర పుష్యములు హేమంతము, మాఘ ఫాల్గుణములు శిశిరము. చరకసంహిత సూత్రస్థానము ఆరవ అధ్యాయమునందును, అష్టాంగహృదయము సూత్రస్థానము మూడవ అధ్యాయమునందును ఈ ఋతువులలో నడచుకొనవలసిన తీరు విపులముగా ఉన్నది. అయితే ఆ గ్రంథములలోని ఋతుక్రమమును మన పడమటి సీమకు ఉన్నదున్నట్లు అన్వయించుట సరికాదని నా అభిప్రాయము. ఉత్తరదేశమున వర్షములు శరత్తునకు ముందే ముగియును. మనకు ఈశాన్య ఋతుపవనము అక్టోబరు నుండి డిసెంబరు వరకు వాన తెచ్చును. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినచో కుప్పంలోను పుంగనూరులోను రెండు మూడు దినములు ముసురు విడువదు. అనగా మన హేమంతమున మొదటి భాగము తడిచలి. సంక్రాంతి దాపునకు ఆకాశము తేటపడి, గాలి పొడిబారి, మిగిలినది పొడిచలి.

ఈ రెంటికిని ఔషధము ఒకటి కాదు. తడిచలి కఫమును పెంచును. ముక్కు కారుట, గొంతు బరువు, ఆయాసము, మందాగ్ని దాని లక్షణములు. పొడిచలి వాతమును పెంచును. మడమలు పగులుట, పెదవులు చిట్లుట, కీళ్ల బిగువు, పొడిదగ్గు, మలబద్ధము అప్పుడు కనిపించును. వాగ్భటుడు జాంగలదేశము వాతభూయిష్ఠమనియు, అనూపదేశము కఫప్రధానమనియు చెప్పినాడు. మన సీమ ఏడాదిలో అధికభాగము జాంగలమే. ముసురు పట్టిన దినములలో మాత్రము అనూపలక్షణములు చూపును. నా వద్దకు వచ్చువారిని నేను మొదట అడుగునది, దగ్గు ముసురులో మొదలైనదా, మంచులో మొదలైనదా అని. ముసురుదగ్గునకు శొంఠి, మిరియము, పిప్పలి పనిచేయును. పొడిదగ్గునకు అవే అధికముగా వాడినచో గొంతు మరింత మండును. దానికి అతిమధురము, గోరువెచ్చని పాలు, నేయి మేలు.

చలికాలమున జఠరాగ్ని బలవత్తరముగా ఉండునని శాస్త్రము. బయటి చలికి ఒంటి వేడిమి లోపలనే నిరోధింపబడి, కుమ్మరి ఆవమునందలి అగ్నివలె ప్రజ్వరిల్లును. రాత్రులు దీర్ఘమగుటచే ఉదయముననే ఆకలి వేయును. ఆ అగ్నికి తగిన ఆహారము లేనిచో అది ధాతువులనే దహించును. కాబట్టి ఈ కాలమున ఉపవాసములు, చద్దిభోజనములు తగవు. మధుర, ఆమ్ల, లవణ రసములు, స్నిగ్ధమైన వేడి పదార్థములు హితము.

ఈ విషయమున పడమటి సీమ వంటిల్లు శాస్త్రమునకు చాల దగ్గర. మంచు పడు దినములలో సంతలకు వచ్చునవి అనపకాయలు. మంచు తగిలిన కాయకే వాసన యని మా ప్రాంతపు రైతుల మాట. గింజలను నానబెట్టి, పైపొట్టు పితికి వండు పితికిపప్పు, రాగిసంగటితో చేరినప్పుడు దానికి సాటి వేరొకటి లేదు. (బెంగళూరు వైపు అవరెకాయ యన్నను ఇదియే.) శాస్త్రమున దీనికి నిష్పావమని పేరు. అది గురువు, వాతకరము, విదాహి. కఫమును మాత్రము తగ్గించును. హేమంతపు అగ్ని దానిని జీర్ణము చేయగలదు కనుకనే ప్రకృతి ఆ కాలమున ఇచ్చినదేమో! అయినను వెల్లుల్లి, అల్లము, ఇంగువ చేర్చక వండరాదు. రాత్రి భోజనమున వద్దు. కీళ్లవాతము, కడుపుబ్బరము గలవారు ఒకపూట రుచి చూచి విడుచుట మేలు.

ఉలవలు రెండవది. ఉష్ణవీర్యము, కఫవాతహరము, పీనస, కాస, శ్వాసలయందు పథ్యము. ముసురు దినములలో ఉలవచారు ఆహారమునకు ఆహారము, మందునకు మందు. అన్నవాహికలో మంట, అల్సరు, రక్తమొలలు ఉన్నవారును, గర్భిణులును మితము పాటింపవలెను. సంక్రాంతికి నువ్వులు, బెల్లము తినుట ఎందుకని వేరుగా చెప్పనక్కరలేదు. మధుమేహము గలవారు నువ్వులను కారము కలిపి పొడిచేసుకొని తినవచ్చును. బెల్లము మందే కదా యని తినరాదు, అదియు చక్కెరయే.

అభ్యంగమును పాఠకులు విస్మరింపరాదు. పొడిచలి మొదలైన తరువాత వారమునకు రెండు మూడు మార్లు గోరువెచ్చని నువ్వులనూనె తలకు, చెవుల వెనుకకు, అరికాళ్లకు, కీళ్లకు పట్టించి, అరగంట తరువాత సున్నిపిండితో రుద్ది స్నానము చేయవలెను. మెడ దిగువకు వేడినీరు బలమిచ్చును. తలమీద మిక్కిలి వేడినీరు పోసికొనుట కన్నులకు, కేశములకు హాని యని వాగ్భటుని హెచ్చరిక. జ్వరము, కొత్త జలుబు, అజీర్ణము ఉన్నప్పుడు అభ్యంగము నిషిద్ధము. మడమల పగుళ్లకు 50 మిల్లీలీటర్ల నువ్వులనూనెను సన్నని సెగమీద వేడిచేసి, 10 గ్రాముల తేనెమైనము కరిగించి దించి, చల్లారిన పిదప రాత్రిపూట పూసికొనవలెను. మధుమేహరోగి పాదమున పగులు లోతుగా ఉన్నచో వైద్యునికి చూపక లేపనములతో కాలయాపన చేయరాదు.

సాధారణ జలుబునకు కషాయము: శొంఠి 5 గ్రాములు, మిరియాలు నాలుగు, తులసి ఆకులు పది, నలుగగొట్టి రెండు గ్లాసుల నీటిలో వేసి సగమగువరకు కాచి, వడగట్టి, రెండు పూటలుగా భోజనానంతరము త్రాగవలెను. తేనె కలుపదలచినచో కషాయము చల్లారిన తరువాతనే. వేడితో తేనె విరుద్ధమని చరకుని మాట. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించుట మన ఇండ్లలో ఆచారముగా ఉన్నది, దానిని మానవలెను. తేనెయందలి ఒక సూక్ష్మక్రిమి బీజములు పసివాని ప్రేగులలో మొలకెత్తి నరములను స్తంభింపజేయు విషమును పుట్టింపగలవు. అట్లే పసిబిడ్డ ముక్కులో నూనెచుక్కలు వేయుట, ఛాతీకి కర్పూరము రుద్దుట ప్రమాదము.

దగ్గు విషయము ఇంకను చెప్పవలసినది ఉన్నది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము పేరు వినని తెలుగువారు అరుదు. అచటి క్షయ శానిటోరియము 1915లో ఆరంభమైనది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దాని మొదటి అధికారి. పొడిగాలి, ఎత్తు, విశ్రాంతి, పుష్టికరాహారము తప్ప క్షయకు వేరు చికిత్స లేని కాలమది. 1940ల దశకమున స్ట్రెప్టోమైసిన్ వచ్చిన తరువాత ఆ కాలము గడచిపోయినది. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా ప్రయోగాత్మకముగా ఆరంభమైన చోట్లలో మదనపల్లెయు ఒకటి. అయినను "మదనపల్లె గాలికి దగ్గు పోవును" అను నమ్మకము నేటికిని కొందరిలో నిలిచియున్నది. గాలి మార్పు క్షయను పోగొట్టదు. చలికాలపు దగ్గేకదా యని శొంఠి, తులసి పట్టుకొని నెలలు గడుపువారిని నేను చూచుచునే ఉన్నాను. రెండు వారములు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కఫమున రక్తము – వీనిలో ఏది కనిపించినను ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి కఫపరీక్ష చేయించుకొనవలెను. పరీక్షయు మందులును ఉచితము. ఆరునెలల మందును విడువక వాడుచు, ఆయుర్వేదమును ఆహారబలమునకు మాత్రము వినియోగించుకొనుట వివేకము.

ఈ సీమలో చలికి సంబంధించిన మరియొక అపాయము కలదు. కుప్పం, పలమనేరు, మదనపల్లె ప్రాంతములలో పట్టుపురుగుల పెంపకము జీవనాధారము. పురుగునకు సుమారు 25 డిగ్రీల వెచ్చదనము కావలెను. చలి ముదిరినప్పుడు రైతులు పెంపకపు గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీలకు గోనెపట్టాలు కట్టుదురు. చిన్న ఇండ్లలో మనుష్యులు నిద్రించునదియు ఆ గదిలోనే, లేదా దాని ప్రక్కనే. కొన్నేండ్ల క్రిందట కుప్పం వైపునుండి ఒక నడివయస్సు స్త్రీ వచ్చి, "సామీ, పొద్దున లేస్తానే తలకాయ పగిలిపోతా ఉండాది, వాంతొచ్చినట్టుండాది. సలి పట్టిందేమో, కసాయం సెప్పండి" అని అడిగినది. ఇంట ఇంకెవరికైన ఇట్లున్నదా యంటిని. "మా ఆయనకీ, పిల్లోడికీ గూడా అట్నే సామీ. పొలానికి పోతే తగ్గిపోతాది" అనినది. బయటికి పోయిన తగ్గు తలనొప్పి చలివలన రాదు. రాత్రి కుంపటి ఎక్కడ పెట్టుదురని అడుగగా విషయము తేలినది. కుంపటిని మార్చి, గాలి ఆడనిచ్చిన పిదప ముగ్గురికిని బాధ తొలగినది.

బొగ్గు సగము కాలినప్పుడు వెలువడు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తమందలి హిమోగ్లోబినుకు ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన ఆకర్షణ దానియందు ఉన్నది. పొగ కనిపించనంత మాత్రమున అది లేదనుకొనరాదు. నిప్పులు ఎఱ్ఱగా, పొగలేకుండ ఉన్నప్పుడే మనము కుంపటిని లోనికి తెచ్చికొందుము గదా! తలనొప్పి, వికారము, మగత క్రమముగా వచ్చి, నిద్రలోనే ప్రాణము పోవుటయు కలదు. బాలింతరాలి గదిలో సాంబ్రాణి వేయుటకు పెట్టిన నిప్పులను ధూపమైన వెంటనే బయట పెట్టవలెను. మనుష్యులు నిద్రించు గదిలో కుంపటి ఏ స్థితిలోను ఉండరాదు. ఎవరైన మగతగా పడియున్నచో మొదట తలుపులు తెరచి, వారిని ఆరుబయటికి చేర్చి, 108 వాహనమును పిలువవలెను. కషాయములకు, ముక్కులో మందులకు అది సమయము కాదు.

వీధులలో పాత టైర్లు, ప్లాస్టికు వేసి చలిమంటలు కాచుకొనుట ఉబ్బసరోగులకు శత్రువు. ముందు చెప్పినట్లు చల్లగాలి లోయలో నిలుచుటచే ఆ పొగ పైకి పోక ఊరిమీదనే పరచుకొనును.

వృద్ధులు, రక్తపోటు గలవారు సూర్యోదయమునకు ముందు నడకకు పోరాదు. చలికి రక్తనాళములు సంకోచించి రక్తపోటు పెరుగును. ఎండ కాలికి తగిలిన తరువాత, చెవులు కప్పుకొని నడువవచ్చును. ఛాతీలో పట్టివేసినట్లున్న నొప్పి, చెమట, ఎడమచేతికి ప్రాకు బాధ కలిగినచో వాయువని వామునీరు త్రాగుచు కూర్చుండక ఆసుపత్రికి పోవలెను. పగటినిద్ర ఎవరికిని వద్దు. శిశిరమున పేరుకొన్న కఫము వసంతపు ఎండకు కరగి రోగములు తెచ్చును గనుక, మాఘము ముగియు వేళకు నేయి, తీపి, అనపగింజలు తగ్గించి, పెసలు, పాతబియ్యము, తేలికైన చారులకు మారుట ఆరంభింపవలెను.