మాట నడకే పాట నడక

పరకాల పిల్లలు ఈ మధ్య బాగా ర్యాప్ రాస్తున్నారు. ఫోన్లో బీటు పెట్టుకొని వచ్చి "తాతా, దీనికి ఎంత స్పీడు పెట్టాలె?" అని అడుగుతారు. ఒగ్గు కథల్లో డోలు వాయిస్తూ బతికిన నాకు కథకుడి నోటి వెంట వాయిద్యం ఎట్లా నడవాలో తెలుసు. ర్యాప్ కూడా నోటి విద్యే. అందుకే ఈ పాఠాలు.

1. ముందు మాట, తర్వాత బీటు

రాసిన చరణాన్ని ఏ ట్రాకూ లేకుండా గట్టిగా చదువు. కోపంగా రాస్తే కోపంగానే చదువు. కాలు దానంతటదే నేలను తడుతుంది. 15 సెకన్లలో ఎన్నిసార్లు తట్టిందో లెక్కబెట్టి నాలుగుతో హెచ్చించు. 22 సార్లు తడితే 88 బీపీఎం, అంటే నిమిషానికి 88 దెబ్బలు. నీ పాట వేగాన్ని అక్కడి నుంచి వెతుకు.

2. తెలుగు అక్షరాలకు చోటివ్వు

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అక్షరాలు పెరుగుతాయి. 'పంతొమ్మిది వందల నలభై ఏడు' తీసుకో. 12 అక్షరాలు. దెబ్బకు నాలుగు చొప్పున మూడు దెబ్బలు పడతాయి. 90 బీపీఎంలో రెండు సెకన్లు దొరుకుతాయి, నోటికి హాయి. 140లో 1.3 సెకన్లే. పైగా గురువుకు రెండు, లఘువుకు ఒకటి చొప్పున లెక్కిస్తే ఆ 12 అక్షరాలకు 17 మాత్రలు. వేగం పెంచితే ముందు నలిగేవి ఆ గురువులే. 'తొమ్మిది'లో ఒత్తు పోయిందంటే మాట పోయినట్టే.

3. అంకె ఒకటే, నడకలు రెండు

పాత బూమ్‌బ్యాప్ బీట్లు ఎక్కువగా 85 నుంచి 95 మధ్య ఉంటాయి. ట్రాప్ బీటు మీద 140 అని రాసి ఉంటే జడుసుకోకు. నాలుగు దెబ్బల్లో స్నేర్ డ్రమ్ ఎక్కడ పడుతుందో విను. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద పడితే అది నిజంగానే పరుగు. మూడో దెబ్బ మీద ఒక్కటే పడితే ఒంటికి 70 లాగే తెలుస్తుంది. అప్పుడు తీరిగ్గా మాట్లాడొచ్చు, కావాలంటే ఉరకనూ వచ్చు.

4. మూడా, నాలుగా తేల్చుకో

మన తీన్‌మార్ ఊపు తిశ్ర నడకది, దెబ్బలో మూడు భాగాలు. ర్యాప్ ఎక్కువగా దెబ్బకు నాలుగుతో నడుస్తుంది. డప్పు వరుస తీసుకున్నప్పుడు మాటను కూడా మూళ్లలో విరువు. పై 12 అక్షరాలు తిశ్రంలో సరిగ్గా నాలుగు దెబ్బలకు, అంటే ఒక బార్‌కు సరిపోతాయి. వేగం ముట్టకుండానే పాట కుదురుకుంటుంది.

5. ఊపిరికి జాగా వదులు

90లో ఒక బార్ సుమారు 2.7 సెకన్లు. రెండు బార్లకోసారి చివరి దెబ్బ ఖాళీగా వదులు. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఆగిన చోట వంతగాళ్లు అందుకుంటారు, డోలు నిండుతుంది. చుక్క సత్తయ్య వంటి మహా కళాకారుడు రాత్రంతా కథ నడిపించగలిగినా ఆ అందుకునే గొంతులు పక్కన ఉండాల్సిందే. నీ పక్కన దోస్తు ఉంటే పాదం చివరి మాట అతనికివ్వు. ఊపిరి అందకపోతే ముందు మాటలు తగ్గించు, ఆ తర్వాతే వేగం జోలికి పో.

6. వినేవాళ్లు ఏం చేయాలో ముందే అనుకో

1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పాటల్లోని డ్రమ్స్ ముక్కను పొడిగించి వాయించింది ఆడేవాళ్ల కోసం. ఐనవోలు మల్లన్న జాతరలో డోలు ఉరికేదీ అందుకే. జనం ఎగరాలంటే కాళ్లు చెప్పిన వేగమే పెట్టు. కానీ 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయడానికి పరకాలకు వచ్చిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపిన సంగతి రాస్తే, ప్రతి మాటా చెవిన పడాలి. ఆ కాల్పుల్లో పోయినవాళ్ల గుర్తుగా వెలసిన అమరధామం మీద కట్టే పాటకు 75 నుంచి 85 చాలు. కోపం చూపించాలంటే బీటు కదపకుండా ఒక నాలుగు బార్లు మాట వేగాన్ని రెట్టింపు చేయి. మళ్లీ నిదానానికి వచ్చినప్పుడు ఆ నిదానమే బరువెక్కుతుంది.

7. తెలియని చెవికి వినిపించు

సాహిత్యం చూడనివాళ్లకు ఒక్కసారి వినిపించి, ఏం విన్నావని అడుగు. ఇంట్లో అమ్మ అయితే మరీ మంచిది. సగం మాటలు చెప్పలేకపోతే రెండు మూడు బీపీఎం తగ్గించి మళ్లీ పాడు. ఈ సవరణంతా అసలు రికార్డింగుకు ముందే జరగాలి. పాడిన గొంతును తర్వాత యాప్‌లో సాగదీస్తే అచ్చులు వంకర పోతాయి.

8. పక్కవాడి అంకె పట్టుకోకు

హైదరాబాద్ కుర్రాడికి 150 కుదిరిందని నీకు కుదరాలని లేదు. అతని గొంతు, అతని యాస, అతని సంగతి వేరు. పరకాల యాసకు తన సాగు ఉంది, తన విరుపు ఉంది. 'గట్లనే', 'ఏమాయె' అన్నప్పుడు నీ నోరు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో గమనించి దానికి తగ్గ బీటు కట్టించుకో. ఈ ఊరి మాట ఈ ఊరి తీరులోనే రికార్డు కావాలి బిడ్డా. ఆ పని చేయాల్సింది మీరే.